రెండు మూడు పదార్థాలతో చేసిన సెక్స్ టాయ్‌లను శుభ్రం చేయడం ఎలా? సమగ్ర మార్గదర్శి

సెక్స్ టాయ్ కొనడం ఇప్పుడు సులువైంది. దాన్ని ఎలా కడగాలో అడగడానికి మాత్రం మనిషి దొరకడు. ఇంట్లో అడగలేం, స్నేహితుల దగ్గర నోరు పెగలదు, మందుల షాపులో పదిమంది మధ్య అసలే అడగలేం. దాంతో చేతికి ఏది దొరికితే అది వాడేస్తారు. కాస్త డెట్టాల్, లేదంటే ఒంటి సబ్బు, మరీ అనుమానంగా ఉంటే మరిగే నీళ్లు. మొత్తం ఒకే పదార్థంతో చేసిన వస్తువైతే ఏదో ఒకటి పనికొస్తుంది. కానీ ఇప్పుడు వస్తున్నవి చాలావరకు అలా లేవు. పైభాగం సిలికాన్, పిడి గట్టి ప్లాస్టిక్, మధ్యలో మెరిసే లోహపు రింగు, అడుగున ఛార్జింగ్ పిన్నులు, లోపల మోటారు, లిథియం బ్యాటరీ. సిలికాన్‌కు పనికొచ్చే వేడి బ్యాటరీకి ప్రమాదం. గట్టి ప్లాస్టిక్ తట్టుకునే స్పిరిట్ దానిమీది మెత్తని పూతను పాడుచేస్తుంది.

కాబట్టి ముందే ఒక మాట అనుకుందాం. పద్ధతిని ఎంచుకునేటప్పుడు వస్తువులో అన్నిటికన్నా బలహీనమైన భాగాన్ని చూడాలి. అది ఏం తట్టుకుంటుందో అదే వాడాలి. ఎంత శుభ్రత కావాలో తేల్చుకునేటప్పుడు మాత్రం అన్నిటికన్నా మురికి పట్టే భాగాన్ని చూడాలి. ఈ రెండూ కుదరని వస్తువును కండోమ్ తొడిగి వాడాలి, లేదా పారేయాలి. కింద చెప్పినదంతా ఈ లెక్క ప్రకారమే.

ముందు, మీ చేతిలో ఉన్నది దేనితో చేశారో తెలుసుకోండి

మన దేశంలో ఇవి ఎక్కువగా ‘బాడీ మసాజర్’ పేరుతో అమ్ముడవుతాయి. దిగుమతి చేసుకున్నవాటిని కస్టమ్స్ అధికారులు ఆపడం, అవి కోర్టుకెక్కడం జరిగాయి. బాడీ మసాజర్లను నిషేధిత వస్తువుల కింద జమకట్టడం కుదరదని బాంబే హైకోర్టు 2024 మార్చిలో చెప్పింది. వేరే పేరుతో అమ్మడం వల్ల కొనేవాళ్లకు ఒక నష్టం ఉంది. పెట్టె మీద పదార్థం పేరు సరిగా ఉండదు. ‘మెడికల్ గ్రేడ్’, ‘స్కిన్ సేఫ్’ అని పెద్ద అక్షరాలు ఉంటాయి, లోపల ఉన్నది ఇంకేదో కావచ్చు. జననాంగాలకు, మలద్వారానికి తగిలే ఇలాంటి వస్తువుల కోసం 2021లో ఐఎస్‌ఓ 3533 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. దాని ప్రస్తావన ఉన్న వస్తువు దొరికితే మంచిదే. లేకపోతే మన కళ్లు, వేళ్లు, ముక్కు ఉన్నాయి.

సిలికాన్ మెత్తగా ఉంటుంది కానీ జిడ్డుగా ఉండదు, వాసన దాదాపు రాదు, సాగదీసి వదిలితే వెంటనే యథాస్థితికి వస్తుంది. దీనికి సూక్ష్మ రంధ్రాలు లేవు. మురికి పైపైనే ఉంటుంది, కడిగితే పోతుంది. ఏబీఎస్ గట్టి ప్లాస్టిక్, కంప్యూటర్ కీబోర్డుల్లో వాడే రకం. ఇది కూడా తడిని పీల్చదు. గాజు, స్టెయిన్‌లెస్ స్టీలూ అంతే. ఈ నాలుగూ మనకు సులువైనవి.

టీపీఈ, టీపీఆర్ అనే రబ్బరులాంటి ప్లాస్టిక్‌లు వేరే జాతి. చర్మంలా మరీ మెత్తగా ఉంటాయి, బాగా సాగుతాయి, కొద్దిగా అంటుకుంటాయి, వెంట్రుకలు, దుమ్ము పట్టేస్తాయి. వీటికి కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. తడి, జిడ్డు, క్రిములు అందులోకి దిగుతాయి. పైన ఎంత తోమినా లోపలివి రావు. పీవీసీతో చేసిన ‘జెల్లీ’ రకం ఇంకా నాసి. పెట్టె తెరవగానే కొత్త రెయిన్‌కోటు వాసన కొడుతుంది, పట్టుకుంటే వేళ్లకు జిడ్డు అంటుతుంది. దాన్ని మెత్తబరచడానికి థాలేట్లు అనే రసాయనాలు కలుపుతుంటారు. జెల్లీ రకం మీ దగ్గర ఉంటే శుభ్రం చేసే పద్ధతి వెతకడం కన్నా వదిలేయడమే మంచిదని నా అభిప్రాయం.

మోసపోయేది ఎక్కువగా పూతల దగ్గరే. గట్టి ప్లాస్టిక్ మీద మఖమల్‌లా అనిపించే పాలీయురేథేన్ పూత వేసి ‘సిలికాన్ టచ్’ అని అమ్ముతారు. అది సిలికాన్ కాదు. స్పిరిట్ తగిలితే, లేదా కొంతకాలం గడిస్తే ఆ పూత జిగటగా మారి పొరలు పొరలుగా లేస్తుంది. అలాగే మెరిసే రింగు స్టీలా, ప్లాస్టిక్ మీద లోహపు పూతా అన్నది కూడా చూసుకోవాలి. చేతికి చల్లగా, బరువుగా తగిలితే లోహం. తేలిగ్గా ఉండి అంచుల దగ్గర లోపలి రంగు బయటపడుతుంటే పూత.

లైటర్‌తో కాల్చి సిలికాన్‌ను గుర్తించవచ్చని కొన్ని వీడియోల్లో చూపిస్తారు. ఆ పని చేయకండి. లోపల లిథియం బ్యాటరీ ఉన్న వస్తువు దగ్గర మంట పెట్టకూడదు. పైగా ఆ పరీక్షతో ఏదీ కచ్చితంగా తేలదు. పదార్థం ఏమిటో తేల్చుకోలేకపోతే టీపీఈ అనుకునే జాగ్రత్త పడండి.

నీళ్ల సంగతి కూడా ఇప్పుడే చూసుకోవాలి. వస్తువు నీళ్లను ఎంతవరకు తట్టుకుంటుందో చెప్పడానికి పెట్టె మీద ఐపీఎక్స్ అని, పక్కన ఒక అంకె ఉంటుంది. ఐపీఎక్స్4 అంటే చిందిన నీళ్లు పడితే పర్వాలేదు, ముంచకూడదు. ఐపీఎక్స్5, 6 అయితే కుళాయి ధార కింద కడగొచ్చు. ఐపీఎక్స్7 అంటే ఒక మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు తట్టుకుంటుందని. ఈ పరీక్షలు మామూలు నీళ్లతో, కొత్త వస్తువు మీద చేస్తారు. వేడినీళ్లకు, సబ్బు నీళ్లలో నానబెట్టడానికి, రెండేళ్లు వాడిన రబ్బరు మూతకు ఆ హామీ వర్తించదు. అంకె అసలే లేకపోతే తడిగుడ్డతో తుడవడం వరకే.

కడగడం వేరు, క్రిములను చంపడం వేరు

సబ్బు నీళ్లు క్రిములను జిడ్డుతో సహా ఊడ్చి కాలవలో పడేస్తాయి. బ్లీచ్, స్పిరిట్ లాంటివి మిగిలినవాటిని చంపుతాయి. ఈ రెండో పని మొదటిది చేయకుండా జరగదు. వస్తువు మీద లూబ్ (జారుడు కోసం రాసే జెల్), శరీర స్రావాలు ఉండగానే బ్లీచ్ పోస్తే దాని బలం ఆ మురికి మీదే ఖర్చయిపోతుంది.

ప్రతిసారీ క్రిమిసంహారకం అవసరం లేదు. మీ వస్తువు మీరొక్కరే వాడుతూ, అది రంధ్రాలు లేని పదార్థమైతే, వాడిన ప్రతిసారీ సబ్బుతో బాగా కడిగి ఆరబెడితే చాలు. క్రిమిసంహారకం తప్పనిసరయ్యే సందర్భాలు ఇవి: ఇద్దరు పంచుకుంటున్నప్పుడు, మలద్వారంలో వాడినప్పుడు, ఇద్దరిలో ఎవరికైనా యోని ఇన్ఫెక్షనో లైంగిక వ్యాధో ఉన్నప్పుడు, రక్తం అంటినప్పుడు.

ఈ సందర్భాలను తేలిగ్గా తీసుకోవద్దు. మలద్వారం దగ్గరి ఈ.కోలై బాక్టీరియా మూత్రనాళంలోకి చేరితే మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్ వస్తాయి. హెపటైటిస్-బి వైరస్ శరీరం బయట కనీసం 7 రోజులు బతికి ఉండగలదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ అనే వైరస్ ఇంకా మొండిది. దానికి బయట కొవ్వు పొర ఉండదు కాబట్టి ఆల్కహాల్‌కు సులువుగా లొంగదు. హైపోక్లోరైట్‌కు, అంటే బ్లీచ్‌కు లొంగుతుంది. అమెరికాలో కొద్దిమంది మహిళలతో చేసి 2014లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో, కడిగిన తర్వాత కూడా కొన్ని వైబ్రేటర్ల మీద హెచ్‌పీవీ జాడ కనిపించింది. టీపీఈ రకం మీద అది ఎక్కువ సేపు నిలిచింది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

వాసన లేని తేలికపాటి లిక్విడ్ సబ్బు, పసిపిల్లల టూత్ బ్రష్, చెవి పుల్లలు, నూలుపోగులు రాలని మెత్తని గుడ్డ, ఆర్‌ఓలో వడపోసిన తాగే నీళ్లు. క్రిమిసంహారకానికి 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ (ఇక్కడ స్పిరిట్ అంటున్నది దీన్నే), ద్రవ బ్లీచ్, రబ్బరు గ్లౌజులు. టూత్ బ్రష్, గుడ్డ ఈ పనికే ప్రత్యేకంగా ఉంచుకోండి. ఇంట్లో అందరూ వాడే బాత్రూమ్ అయితే అన్నీ ఒక చిన్న జిప్ సంచిలో పెట్టుకుంటే టెన్షన్ ఉండదు.

ఆల్కహాల్ 70 శాతమే ఎందుకంటే, అందులోని నీళ్లు క్రిముల ప్రొటీన్లను దెబ్బతీయడానికి తోడ్పడతాయి, పైగా అంత తొందరగా ఆవిరైపోదు. 99 శాతం ఉన్నది ఎక్కువ పని చేస్తుందనుకోవడం పొరపాటు.

స్టెప్ 1: విడదీయండి

స్విచ్ ఆపండి. ఛార్జింగ్‌లో ఉంటే తీసేయండి. సెల్స్ వేసేదైతే సెల్స్ బయటకు తీసి మూత గట్టిగా బిగించండి. ఛార్జింగ్ రంధ్రానికి రబ్బరు మూత ఉంటే అది పూర్తిగా లోపలికి కూర్చుందో లేదో వేలితో నొక్కి చూడండి. ఊడొచ్చే తొడుగులు, రింగులు, పట్టీలు అన్నీ వేరు చేయండి. వేరు చేసిన ప్రతి ముక్కా ఇక విడి వస్తువు. మోటారు లేని సిలికాన్ తొడుగును మరిగించవచ్చు, అది తొడిగే పిడిని మరిగించకూడదు. కొనేటప్పుడే ఊడదీయగలిగే రకం ఎంచుకోమని నేను చెప్పేది ఇందుకే.

స్టెప్ 2: ముందు గోరువెచ్చని నీళ్లు

వాడిన వెంటనే కడగాలి. ఎండిపోతే పట్టేస్తుంది. అప్పటికప్పుడు లేచే ఓపిక లేకపోతే కనీసం తడిగుడ్డతో తుడిచి పెట్టండి. మొదటిసారి కడిగే నీళ్లు మరీ వేడిగా ఉండకూడదు. రక్తం, వీర్యం లాంటివాటిలోని ప్రొటీన్లు వేడికి గడ్డకట్టి అతుక్కుంటాయి. గీజర్ నీళ్లు నేరుగా వద్దు, చన్నీళ్లు కలిపి గోరువెచ్చగా చేసుకోండి.

స్టెప్ 3: సబ్బుతో చేత్తో రుద్దండి

చేతులు ముందు కడుక్కోండి. సబ్బును అరచేతిలో నురుగు చేసి, వేళ్లతోనే వస్తువంతా తిరుగుతూ కనీసం అర నిమిషం రుద్దండి. స్టీలు పీచు, గరుకు స్క్రబ్బర్ తాకించొద్దు. అవి పెట్టే సన్నని గీతల్లోనే తర్వాత మురికి చేరుతుంది. కొబ్బరి నూనె వాడిన వస్తువైతే ఒకసారి సబ్బు సరిపోదు. వేలితో లాగి చూడండి. జారుతుంటే జిడ్డు ఉన్నట్టు, వేలు పట్టుకుని ఆగుతుంటే పోయినట్టు. సిలికాన్ లూబ్ కూడా నీళ్లకు తేలిగ్గా పోదు, దానికీ ఇదే పరీక్ష.

ఐపీఎక్స్4 వరకే ఉన్న వస్తువైతే కుళాయి కింద పెట్టకండి. తలభాగం కిందికి, పిడి పైకి ఉండేలా పట్టుకుని, సబ్బు నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో తుడవండి. తర్వాత మామూలు నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో మూడు నాలుగు సార్లు తుడిచి సబ్బు తీసేయండి. నీటి చుక్క ఎప్పుడూ మోటారు వైపు పారకుండా చూసుకోవడమే ఇందులో కిటుకు.

స్టెప్ 4: అతుకు దగ్గర ఆగండి

ఇక్కడ తొందరపడితే మిగతా కష్టమంతా దండగ. సిలికాన్ ముగిసి ప్లాస్టిక్ మొదలయ్యే గీతను వెలుతురులో పెట్టి చూడండి. చాలా వస్తువుల్లో అక్కడ వెంట్రుకంత సందు ఉంటుంది. లూబ్, స్రావాలు అందులోకి వెళ్లి ఎండి, పసుపుపచ్చగానో గోధుమరంగులోనో సన్నని గీతలా కనిపిస్తాయి. బొటనవేలితో సిలికాన్ అంచును కొద్దిగా వెనక్కి నొక్కి, సబ్బు నీళ్లు అద్దిన పసిపిల్లల బ్రష్‌ను ఆ గీత వెంబడే చుట్టూ తిప్పండి. అడ్డంగా తోమితే మురికి లోపలికి వెళ్తుంది, వెంబడి తోమితే బయటికొస్తుంది. తర్వాత ఐపీఎక్స్5 లేదా ఆపైనున్నదైతే ధార కింద పెట్టి, అంచును నొక్కుతూ వదులుతూ కడగండి, లేకపోతే తడిగుడ్డతో తుడవండి. బ్రష్ అందని బటన్ల చుట్టూ, అక్షరాలు చెక్కిన చోట చెవి పుల్ల వాడండి. సూది, పిన్నీసు పెట్టి గీకొద్దు. లోపలి సీలు చిరిగితే అక్కడితో ఆ వస్తువు పని అయిపోయినట్టే.

అతుకును పరీక్షించడం కూడా ఇప్పుడే. సబ్బు నురుగు ఉండగానే అంచు పక్కన మెల్లగా నొక్కండి. నురుగులో చిన్న బుడగ లేస్తే లోపల గాలి ఉంది, అంటే సీలు వదిలింది. గాలి బయటికి వచ్చే దారిలోనే నీళ్లూ లోపలికి వెళ్తాయి. అలాంటి వస్తువును ఎన్నిసార్లు కడిగినా శుభ్రంగా ఉండదు. బ్యాటరీకి తడి తగిలే ప్రమాదం అదనం. ఫెవిక్విక్ పెట్టి అతికించే ఆలోచన వద్దు. ఆ జిగురు శరీరంలోపల వాడే వస్తువులకు ఉద్దేశించినది కాదు.

ఛార్జింగ్ పిన్నుల మీద పచ్చటి మచ్చలు కనిపిస్తే స్పిరిట్ అద్దిన చెవి పుల్లతో తుడవండి. బ్లీచ్ ఆ పిన్నులకు తగలకూడదు, లోహాన్ని తినేస్తుంది.

స్టెప్ 5: అవసరమైతే క్రిమిసంహారకం

ఏది వాడాలన్నది అన్నిటికన్నా బలహీనమైన భాగాన్ని బట్టే.

*మరిగించడం.* పూర్తిగా సిలికాన్‌తో, స్టీలుతో, లేదా సిలికాన్ పట్టు ఉన్న స్టీలుతో చేసి, మోటారు, బ్యాటరీ, జిగురు ఏవీ లేనివాటికి మాత్రమే. ఈ పనికే ప్రత్యేకంగా ఒక గిన్నె పెట్టుకోండి. అడుగున మెత్తని గుడ్డ వేసి, వస్తువు మునిగేలా నీళ్లు పోసి, తెర్లడం మొదలయ్యాక 5 నుంచి 10 నిమిషాలు ఉంచండి. గుడ్డ లేకపోతే గిన్నె అడుగు వేడికి సిలికాన్ పాడవుతుంది. గాజు వస్తువునైతే చన్నీళ్లలోనే వేసి నెమ్మదిగా వేడెక్కనివ్వాలి, ఆ నీళ్లలోనే చల్లారనివ్వాలి. వేడిని తట్టుకునే బోరోసిలికేట్ గాజు అని కచ్చితంగా తెలియకపోతే మరిగించకండి. కంటికి కనిపించని బీట కూడా లోపల వాడేటప్పుడు ప్రమాదం. ప్రెషర్ కుక్కర్, మైక్రోవేవ్ వద్దే వద్దు.

*పలచని బ్లీచ్.* సిలికాన్, ఏబీఎస్ కలిసినవాటికి ఇది గట్టి పద్ధతి. హెచ్‌పీవీ, హెపటైటిస్ భయం ఉన్నప్పుడు నేను దీనికే ఓటేస్తాను. సోడియం హైపోక్లోరైట్ 4 లేదా 5 శాతం ఉన్న ద్రవ బ్లీచ్ ఒక వంతుకు నీళ్లు 9 వంతులు. అంటే 50 మిల్లీలీటర్ల బ్లీచ్, 450 మిల్లీలీటర్ల చన్నీళ్లు. ఐపీఎక్స్7 ఉన్నదైనా సరే మొత్తం ముంచకండి. ఆ ద్రావణంలో తడిపిన గుడ్డను శరీరంలోకి వెళ్లే భాగానికి, అతుకు దాకా చుట్టి 10 నిమిషాలు తడి ఆరకుండా ఉంచండి. పిన్నుల వైపు, లోహపు పూత వైపు రానివ్వొద్దు. స్టెయిన్‌లెస్ స్టీలు మీద కూడా ఎక్కువసేపు ఉంటే సన్నని గుంటలు పడతాయి. తర్వాత ధారాళంగా కడిగి, మళ్లీ సబ్బుతో ఒకసారి కడగండి. ద్రావణం ఎప్పటికప్పుడు కలుపుకోవాలి, నిన్నటిది బలం తగ్గిపోతుంది. బావులకు, డ్రైనేజీలకు చల్లే బ్లీచింగ్ పౌడర్ ఈ పనికి పనికిరాదు.

ఒక హెచ్చరిక. బ్లీచ్‌ను టాయిలెట్ క్లీనర్‌తో, వెనిగర్‌తో, నిమ్మరసంతో కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది. బాత్రూమ్ లాంటి ఇరుకు గదిలో అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. స్పిరిట్‌తో కూడా కలపొద్దు. గ్లౌజులు వేసుకుని, తలుపు తీసి పెట్టుకుని, ఆ సమయంలో వేరే ఏ క్లీనరూ వాడకుండా ఈ పని చేయండి.

*ఆల్కహాల్.* బ్లీచ్ తగలకూడని పిడి, బటన్లు, లోహపు భాగాలకు 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడిచి, ఓ నిమిషం తడిగా ఉండనివ్వండి. మఖమల్ పూత, టీపీఈ, పారదర్శకంగా ఉండే యాక్రిలిక్ ప్లాస్టిక్ మీద వాడకండి. యాక్రిలిక్ సన్నగా బీటలు తీస్తుంది. పూర్తిగా ఆరాక నీళ్లతో కడిగితేనే శరీరానికి తాకించాలి, లేకపోతే మంట.

*హైడ్రోజన్ పెరాక్సైడ్.* మన మందుల షాపుల్లో దొరికేది సాధారణంగా 6 శాతం ఉంటుంది. సమానంగా నీళ్లు కలిపితే 3 శాతమవుతుంది. బ్లీచ్ వాసన పడనివాళ్లు సిలికాన్, ఏబీఎస్ భాగాల మీద 10 నిమిషాలకు పైగా తడిగా ఉంచి కడిగేయొచ్చు.

టీపీఈ భాగం ఉంటే వీటిలో ఏదీ దాన్ని పూర్తిగా క్రిమిరహితం చేయలేదు. వేడికి కరుగుతుంది, స్పిరిట్‌కు ఎండి బీటలిస్తుంది, బ్లీచ్‌ను లోపలికి పీల్చుకుని తర్వాత శరీరం మీద వదులుతుంది. దానికి సబ్బు నీళ్లు, కండోమ్, ఒక్కరే వాడటం, ఇవే దారి.

స్టెప్ 6: చివరి కడుగు

హైదరాబాద్‌లో చాలాచోట్ల, ఇంకా ఎన్నో ఊళ్లలో బోరు నీళ్లే దిక్కు. బకెట్ మీద, కుళాయి మీద తెల్లటి పొర కట్టే నీళ్లయితే అదే సున్నం అతుకులోనూ పిన్నుల మీదా కడుతుంది. క్రమంగా అది గరుకై సీలును అరగదీస్తుంది. అందుకని చివరగా ఒక గ్లాసు ఆర్‌ఓ నీళ్లు పోసి కడగండి, మామూలు వడపోతకు ఈ సున్నం పోదు. మరిగించడానికీ అవే నీళ్లు మంచివి. ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. సబ్బు వాసన గానీ బ్లీచ్ వాసన గానీ కొద్దిగా ఉన్నా మళ్లీ కడగాలి. యోనిలోని పొర చేతి చర్మం కన్నా చాలా సున్నితం, మిగిలిన సబ్బు చాలు దురద తెప్పించడానికి.

స్టెప్ 7: ఆరబెట్టండి

తడి ఉన్నచోట బూజు వస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో, వానాకాలంలో ఎక్కడైనా, తుడిచి సంచిలో వేస్తే వారంలోపే వాసన మొదలవుతుంది. గుడ్డతో అద్ది, అతుకులో ఉన్న తడిని గుడ్డ కొనతో లాగి, శుభ్రమైన గుడ్డ మీద ఫ్యాన్ కింద పెట్టండి. ఛార్జింగ్ రంధ్రం కిందికి ఉండాలి. ఎండలో వద్దు, ప్లాస్టిక్, పూతలు చెడతాయి. మే నెల ఎండ బ్యాటరీకీ మంచిది కాదు. హెయిర్ డ్రయ్యర్ వాడితే చల్లగాలి మీదే. ఇంట్లో నలుగురు తిరుగుతుంటారని తడిగానే దాచేసేవాళ్లు, గాలి ఆడే నూలు సంచిలో వదులుగా పెట్టి అల్మరా తలుపు కొంచెం తెరిచి ఉంచండి. రాత్రంతా ఆరాక మూసేయొచ్చు. పిన్నులు పూర్తిగా ఆరకుండా ఛార్జింగ్ పెట్టకండి.

దాచేటప్పుడు ఒక్కో వస్తువుకు ఒక్కో నూలు సంచి ఉండాలి. టీపీఈ, జెల్లీల్లోని మెత్తబరిచే నూనెలు పక్కనున్నదానిలోకి పాకి రెండిటినీ జిగటగా చేస్తాయి. బీరువాలో చీరల మధ్య దాచే అలవాటు చాలామందికి ఉంటుంది. అక్కడ కలరా ఉండలు ఉంటే ఆ ఆవిరి మెత్తని పదార్థాలకు పడుతుంది. అది శరీరంలోపల వాడే వస్తువుకు అంటకూడదు, వేరే అర చూసుకోండి.

కొన్ని రకాల సంగతి వేరు

గట్టి ప్లాస్టిక్ డబ్బాలో టీపీఈ తొడుగు ఉండే మగవాళ్ల వస్తువును ఎప్పుడూ డబ్బాలో ఉంచి కడగకండి. తొడుగును బయటకు తీసి, రెండు వైపుల నుంచీ గోరువెచ్చని నీళ్లు ధారగా పోనివ్వండి. తేలిక సబ్బు వేలితో లోపల రాసి, నురుగు పోయేదాకా కడగండి. తిరగేయగలిగితే తిరగేయండి, బలవంతంగా లాగితే చిరుగుతుంది. అన్నిటికన్నా కష్టం లోపల ఆరబెట్టడం. మెత్తని గుడ్డను సన్నగా చుట్టి లోపలికి దూర్చి అరగంట ఉంచి తీసి, తర్వాత నిలువుగా పెట్టి గాలికి వదలండి. ఆరాక జిగట తగ్గడానికి కాస్త కార్న్‌ఫ్లోర్ చల్లొచ్చు. ముఖానికి రాసే టాల్కం పౌడర్ మాత్రం వద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2024లో టాల్క్‌ను క్యాన్సర్ కలిగించే అవకాశం బాగా ఉన్నవాటి జాబితాలో చేర్చింది. కార్న్‌ఫ్లోర్‌ను కూడా వాడే ముందు కడిగేయాలి.

తోలు పట్టీలు, లోహపు రింగులు ఉన్న బెల్టులకు: రింగులు ఊడదీసి సబ్బుతో కడిగి, ఆల్కహాల్‌తో తుడవండి. తోలును తడిపి పిండిన గుడ్డతో, కొద్దిగా సబ్బుతో తుడిచి నీడలో ఆరబెట్టండి. తోలు క్రిమిరహితం కాదు. అది ఒక్కరికే, లేదా ఒక జంటకే పరిమితం. నైలాన్ పట్టీ అయితే బట్టల్లా ఉతికేయొచ్చు.

గోడకు ప్లగ్ పెట్టే మసాజర్ల తలభాగం కొన్నిటికి సిలికాన్, కొన్నిటికి రెగ్జిన్ లాంటి తొడుగు, లోపల నురుగు. నీళ్లు పోయకూడదు. ప్లగ్ తీసి తుడవడమే. విడిగా తొడిగే సిలికాన్ టోపీ దొరికితే దాన్ని తీసి కడుక్కోవచ్చు.

కండోమ్ ఎందుకు అంతగా చెబుతున్నాను

పదార్థం తెలియనప్పుడు, రంధ్రాలున్నప్పుడు, అతుకు మీద నమ్మకం లేనప్పుడు, ఇద్దరు వాడుతున్నప్పుడు కండోమ్ ఈ చిక్కులన్నీ తీరుస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చే నిరోధ్ కూడా ఈ పనికి చాలు. మనిషి మారినప్పుడు, మలద్వారం నుంచి యోనికి మారేటప్పుడు కొత్తది తొడగాలి. కొబ్బరి నూనె, వ్యాజలీన్ లేటెక్స్ కండోమ్‌ను బలహీనం చేసి చింపేస్తాయి, నీటి ఆధారిత లూబ్ వాడండి. యోని ఇన్ఫెక్షన్‌కు రాసే క్లోట్రిమజోల్ క్రీములూ లేటెక్స్‌ను దెబ్బతీయొచ్చు. చికిత్స నడుస్తున్నన్నాళ్లూ వస్తువును వాడకుండా, క్రిమిసంహారకం చేసి పక్కన పెట్టడం మంచిది. కండోమ్ వాడినా తర్వాత కడగాలి, దాని మీది లూబ్ వస్తువుకు అంటుతుంది.

ఇంట్లో ఉన్నాయి కదా అని వాడకూడనివి

డెట్టాల్ లిక్విడ్‌లో క్లోరోజైలినాల్ 4.8 శాతం ఉంటుంది. నేల తుడవడానికి సరే, మెత్తని పదార్థాల్లోకి దిగిన వాసన, రసాయనం మాత్రం కడిగినా పూర్తిగా పోవు, యోనిలో మంట పుట్టిస్తాయి. సువాసన ఉన్న శానిటైజర్ జెల్, నిమ్మకాయ, కుంకుడు రసం, పసుపు, వేపాకు నీళ్లు కూడా వద్దు. కుంకుడు రసం కంట్లో పడితే ఎలా మండుతుందో మనకు తెలుసు, లోపలి పొరకూ అంతే మంట. ‘యోనిని శుభ్రపరిచే’ వాష్‌లు ఈ వస్తువులకూ అక్కర్లేదు, యోనికీ అక్కర్లేదు.

ఎప్పుడు పారేయాలి, ఎలా పారేయాలి

కడిగినా పోని వాసన, నల్లటి చుక్కలు, జిగట, బీట, లేచిన పూత, బుడగ వచ్చే అతుకు, ఛార్జింగ్ పెడితే వేడెక్కడం లేదా ఉబ్బడం. వీటిలో ఒక్కటి కనిపించినా ధర గుర్తుచేసుకోకుండా వదిలేయండి. టీపీఈ వస్తువును మొదటి నుంచీ కొంతకాలానికే అనుకుని కొనుక్కోవాలి.

వాడాక దురద, మంట, దుర్వాసనతో తెల్లబట్ట, మూత్రంలో మంట, పుండ్లు కనిపిస్తే గైనకాలజిస్టునో చర్మ, సుఖవ్యాధుల డాక్టరునో కలవండి. సెక్స్ టాయ్ వాడిన సంగతి దాచకుండా చెబితే పరీక్షలు సరైన దారిలో జరుగుతాయి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో సురక్ష క్లినిక్‌లు ఇందుకే ఉన్నాయి. నోరు విప్పడం కష్టమైతే ముందు 1097 ఉచిత ఎయిడ్స్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి అడగొచ్చు.

పారేసే వస్తువును కూడా చివరిసారి సబ్బుతో కడగండి. చెత్త బండి దగ్గర దాన్ని చేత్తో తీసి వేరుచేసే మనిషి ఒకరుంటారు. ఊడొచ్చే సెల్స్ తీసేయండి. బిగించేసిన లిథియం బ్యాటరీని మీరు కోసి తీయొద్దు, మంట లేస్తుంది. మోటారు ఉన్న భాగాన్ని అలాగే కాగితంలో చుట్టి, పాత ఫోన్లు, ఛార్జర్లు తీసుకునే ఈ-వేస్ట్ డబ్బాలో వేయండి. మిగతా సిలికాన్, టీపీఈ ముక్కలను గుర్తుపట్టకుండా కత్తిరించి, కాగితంలో చుట్టి పొడి చెత్తలో వేస్తే సరిపోతుంది.